కొత్త ఫోన్‌కి మారుతున్నాం: వాట్సాప్, యూపీఐ, ఈసిమ్... ఏది ముందు, ఏది తర్వాత?

#1 గోదారి_గట్టు

అందరికీ నమస్కారం. అమ్మ ఫోన్ మారుస్తున్నాం. పాతది రెడ్‌మీ నోట్ 8, 64 జీబీ, ఆండ్రాయిడ్ 11. కొత్తది గెలాక్సీ ఎ56, ఎల్లుండి డెలివరీ. ఎక్స్ఛేంజ్ పెట్టాం కాబట్టి ఫోన్ తెచ్చే అబ్బాయే పాతది తీసుకెళ్తాడు.

పాతదాంట్లో వాట్సాప్ ఒక్కటే 9 జీబీ ఉంది. 32 జీబీ మెమరీ కార్డు నిండా ఫొటోలు. కాల్ రికార్డింగులు కొన్ని పోకూడనివి ఉన్నాయి. ఫోన్‌పే, గూగుల్ పే, రెండు బ్యాంకు యాప్‌లు. సిమ్‌లు రెండు, బ్యాంకుకి ఇచ్చిన నంబరు మొదటి స్లాట్‌లో ఉంది. దాన్ని కొత్త ఫోన్‌లో ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్) చేసేద్దామా అని కూడా అనుకుంటున్నాం.

ఏ వరుసలో చేస్తే ఏదీ పోకుండా, పెన్షన్ డబ్బుల లావాదేవీ ఆగకుండా ఉంటుందో చెప్పండి.

#2 హనుమకొండ_సర్వీస్

అన్నా, ముందుగాల ఆ ఎక్స్ఛేంజ్ సంగతి చూడు. మిగతా వన్నీ తర్వాత.

ఎక్స్ఛేంజ్‌ల ఫోన్ తీసుకపోయేటోళ్లు ఇంటి గుమ్మంల నిలబడి చెక్ చేస్తరు: *#06# కొట్టి ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) ఆర్డర్‌ల ఉన్నదానితోని కలుస్తున్నదా, స్క్రీన్ పగిలిందా, లాక్ తీసేసిన్రా, గూగుల్ అకౌంట్ తీసేసిన్రా అని. అంటే కొత్త డబ్బా తెరవకముందే పాత ఫోన్ రీసెట్ కొట్టి రెడీగ ఉంచాలె. రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి కేబుల్‌తోని డేటా ఎక్కించుడు అసలు కుదరదు. వాళ్లు గంటసేపు ఆగరు.

ఇంత డేటా, ఇన్ని బ్యాంకు యాప్‌లు ఉన్నప్పుడు పాత ఫోన్ కనీసం రెండు వారాలు చేతిల ఉండాలె. నోట్ 8 లాంటి పాత మోడల్‌కి వాళ్లిచ్చేది ఎట్లాగూ తక్కువే. ఎక్స్ఛేంజ్ తీసేసి తేడా పైసలు కట్టుడే మంచిది.

#3 సీమ_డ్రాయిడ్

హనుమకొండ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఒకవేళ ఎక్స్ఛేంజ్ తీసేయడానికి కుదరకపోతే మాత్రం ఈ రాత్రికే ఇవి చేసి పెట్టుకోండి.

సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో బ్యాకప్. 'బ్యాకప్ నౌ' నొక్కి పూర్తయ్యేదాకా వైఫైలో, ఛార్జింగ్‌లో ఉంచండి. ఇందులో యాప్‌ల జాబితా, ఎస్ఎంఎస్‌లు, కాల్ హిస్టరీ, కొన్ని సెట్టింగ్స్ వెళ్తాయి. ఫొటోలు వెళ్లవు, వాటికి గూగుల్ ఫొటోస్ బ్యాకప్ వేరేగా ఆన్ చేయాల. ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ సర్దుకోవాల. ముందు వాట్సాప్ బ్యాకప్ ఈ లెక్కలోకి వచ్చేది కాదు, 2024 నుంచి అదీ కలిసింది. 9 జీబీ వాట్సాప్ ఉన్నవాళ్లకి సగం ఆగిపోయేది ఇక్కడే. వాట్సాప్ బ్యాకప్‌లో 'ఇంక్లూడ్ వీడియోస్' టిక్ తీసేస్తే సైజు బాగా తగ్గిపోతుంది.

గూగుల్ బ్యాకప్ తాళం పాత ఫోన్ స్క్రీన్ లాక్‌తో ముడిపడి ఉంటుంది. కొత్త ఫోన్‌లో రీస్టోర్ చేసేటప్పుడు పాత ఫోన్ పిన్ లేదా ప్యాటర్న్ అడుగుతుంది. అమ్మగారి ఫోన్‌కి వేలిముద్రే వాడుతుంటే పిన్ ఏమిటో ఇప్పుడే ఒకసారి కొట్టి చూడండి. పాత ఫోన్ వాడకుండా 57 రోజులు పక్కన పడేస్తే గూగుల్ ఆ బ్యాకప్‌ని తీసేయొచ్చు, అదీ మనసులో పెట్టుకోండి.

ఇంకో చిక్కు: కొత్త ఆండ్రాయిడ్‌లో తీసిన బ్యాకప్ పాత ఆండ్రాయిడ్ ఉన్న ఫోన్‌లోకి ఎక్కదు. మీది 11 నుంచి పైకి పోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవాళ్లు మాత్రం ముందు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, ఆ తర్వాతే రీస్టోర్ మొదలుపెట్టాల.

#4 గోదారి_గట్టు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఎక్స్ఛేంజ్ తీయించేశాం, తేడా డబ్బులు కట్టేస్తాం. పాత ఫోన్ మా దగ్గరే ఉంటుంది. ఇప్పుడు కేబుల్‌తో ఎలా చేయాలో చెప్పండి. నోట్ 8కి కూడా టైప్-సి పోర్టే.

#5 హనుమకొండ_సర్వీస్

మంచిగ చేసినవ్ అన్నా. ఇగ విను.

కేబుల్ రెండు దిక్కుల టైప్-సి ఉండాలె. ఎ56 డబ్బాల వచ్చేది అదే, అది వాడుకో. (డబ్బాల ఛార్జర్ రాదు, కేబులే వస్తది.) బయట దొరికే చౌక కేబుళ్లల్ల కొన్నిట్ల ఛార్జింగ్ తీగలే ఉంటయి, డేటా తీగలు ఉండయి. ఫోన్ ఛార్జ్ అయితది గానీ అవతలి ఫోన్ కనపడదు. చాలామంది ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఖరాబైంది అనుకుంటరు, తప్పు కేబుల్‌ది. పాత ఫోన్‌ది మైక్రో యూఎస్‌బీ అయితే ఓటీజీ పిన్ (కేబుల్‌ని ఫోన్‌కి కలిపే చిన్న ముక్క) పెట్టుకోవాలె.

రెండు ఫోన్లల్ల ఛార్జింగ్ 60 శాతం పైన ఉండాలె. కేబుల్ పెట్టినంక ఒక ఫోన్ ఇంకో ఫోన్‌ని ఛార్జ్ చేసుడు మొదలుపెడ్తది, మధ్యల ఒకటి ఆఫ్ అయితే మళ్ల మొదటికి.

కొత్త ఫోన్ ఆన్ చేసి వైఫై కలుపు. సిమ్ ఇప్పుడే పెట్టకు, పాతదాంట్లనే ఉండనీ. గూగుల్ అకౌంట్ ఇచ్చి సెటప్ ముగించుకొని, ముందు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకో. సామ్‌సంగ్‌ల డేటా తర్వాత కూడ తెచ్చుకోవచ్చు: సెట్టింగ్స్‌ల 'అకౌంట్స్ అండ్ బ్యాకప్', దాంట్ల 'బ్రింగ్ డేటా ఫ్రమ్ ఓల్డ్ డివైస్'. అదే స్మార్ట్ స్విచ్. పాత రెడ్‌మీల ప్లే స్టోర్ నుంచి స్మార్ట్ స్విచ్ యాప్ ఎక్కించి అడిగిన పర్మిషన్లన్నీ ఇయ్యి.

రెడ్‌మీల ఒక పని తప్పక చెయ్యి. ఆ యాప్ ఐకాన్ ఒత్తి పట్టుకొని 'యాప్ ఇన్ఫో'కి పోయి, బ్యాటరీ సేవర్‌ల 'నో రిస్ట్రిక్షన్స్' పెట్టు. లేకుంటే స్క్రీన్ ఆరంగనే ఫోన్ ఆ యాప్‌ని చంపేస్తది, కొత్త ఫోన్‌ల శాతం అట్లనే ఆగిపోయి ఉంటది. డిస్‌ప్లేల స్క్రీన్ ఆరే టైం కూడ పది నిమిషాలు పెట్టు.

టిక్ పెట్టేటప్పుడు కాంటాక్టులు, మెసేజ్‌లు, కాల్ లాగ్, ఫొటోలు, వీడియోలు, ఆడియో, డాక్యుమెంట్లు తీసుకో. 40 జీబీ ఉంటే గంట దాక పట్టొచ్చు. వాట్సాప్ గుర్తు దాంట్ల కనపడినా చాట్లు మాత్రం రావు, దానికి వేరే దారి. ప్లే స్టోర్‌ల లేని, బయటి నుంచి ఎక్కించిన యాప్‌ల మీద కూడ ఆశ పెట్టుకోకు.

#6 పాలమూరు_అక్క

కాంటాక్టుల గురించి ఒక మాట. స్మార్ట్ స్విచ్ కంటే ముందు పాత ఫోన్ కాంటాక్ట్స్ యాప్‌లో అవి ఎక్కడ సేవ్ అయి ఉన్నాయో చూడండి. కొన్ని గూగుల్‌లో, కొన్ని ఫోన్‌లో, కొన్ని ఎంఐ అకౌంట్‌లో, కొన్ని సిమ్‌లో ఉండి, పైకి అన్నీ ఒకే లిస్టులా కనపడుతుంటాయి. ఫోన్‌లో, ఎంఐలో ఉన్నవాటిని 'ఎక్స్‌పోర్ట్' చేసి ఒక వీసీఎఫ్ ఫైలుగా తీసి, ఆ ఫైలును అదే జీమెయిల్‌లోకి ఇంపోర్ట్ చేస్తే మళ్లీ ఎప్పుడూ ఈ బాధ ఉండదు.

సిమ్‌లో సేవ్ చేసిన పేర్లు తెలుగులో ఉంటే వాటిని ఒక్కొక్కటిగా చూసుకోవాలి. సిమ్‌లో పేరుకి ఇచ్చే జాగా చాలా చిన్నది. తెలుగు అక్షరానికి ఇంగ్లీషు అక్షరం కన్నా రెట్టింపు చోటు కావాలి, పైగా వత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి. అందుకే 'వెంకటలక్ష్మి పిన్ని' అని రాసినా 'వెంకటల' దగ్గరో ఇంకెక్కడో తెగిపోయి ఉంటుంది. సిమ్‌లో మళ్లీ సేవ్ చేయనే చేయకండి.

ఇక మెమరీ కార్డు. ఎ56లో కార్డు స్లాట్ లేదు. కార్డును పాత ఫోన్‌లోనే ఉంచి స్మార్ట్ స్విచ్‌లో కార్డు ఫైళ్లు ఎంచుకోవచ్చు, లేదా టైప్-సి కార్డు రీడర్ కొని నేరుగా కొత్త ఫోన్‌కి పెట్టి 'మై ఫైల్స్' యాప్‌లో కాపీ చేయొచ్చు. రెండోదే శుభ్రంగా అవుతుంది. 'మూవ్' కాదు, 'కాపీ' నొక్కండి. మధ్యలో రీడర్ కదిలితే మూవ్‌లో ఉన్న ఫైలు రెండు చోట్లా లేకుండా పోవచ్చు. (కొన్ని కంపెనీల ఫోన్లలో కార్డును ఇంటర్నల్ స్టోరేజ్‌గా కలిపేసుకునే సౌకర్యం ఉంటుంది. అలా కలిపిన కార్డుని ఆ ఫోన్ తప్ప ఇంకేదీ చదవలేదు, అది ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. అలాంటప్పుడు పాత ఫోన్ నుంచే కాపీ చేసుకోవాలి.)

కాల్ రికార్డింగులు రెడ్‌మీలో 'ఎంఐయూఐ' ఫోల్డర్, అందులో 'సౌండ్ రికార్డర్', అందులో 'కాల్ రెక్' అన్న చోట ఉంటాయి. బదిలీ అయ్యాక లెక్క చూసుకోండి: ఆ ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్లున్నాయి, కొత్తదాంట్లో ఎన్ని వచ్చాయి. ముఖ్యమైనవి ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా వేసుకోండి.

#7 గోదారి_గట్టు

అక్కా, ఫొటోల గురించి ఒక సందేహం. కొంతమంది ఫోన్లు మార్చాక పాత ఫొటోలన్నీ ఈ రోజు తేదీతో కనపడతాయి కదా, అది ఎందుకు?

#8 పాలమూరు_అక్క

కెమెరాతో తీసిన ఫొటోలో తీసిన తేదీ ఫొటో లోపలే రాసి ఉంటుంది, దానికి ఏమీ కాదు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలతోనే తంటా. వాట్సాప్ పంపేటప్పుడు ఆ లోపలి వివరాలు తీసేస్తుంది. ఇక గ్యాలరీకి దిక్కు ఫైలు తేదీ ఒక్కటే. బ్లూటూత్‌లోనో, షేర్ బటన్‌తోనో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి పంపితే అది కొత్తగా పుట్టిన ఫైలు కింద లెక్క, అందుకే ఈ రోజు తేదీ పడుతుంది. స్మార్ట్ స్విచ్‌తో కేబుల్ మీద వెళ్తే పాత తేదీ నిలుస్తుంది. ల్యాప్‌టాప్ మీదుగా తీసుకెళ్లాలంటే ఫోన్‌లోనే జిప్ చేసి, ఆ జిప్ ఫైలు తీసుకెళ్లి అవతల విప్పండి.

ఇప్పటికే తేదీలు చెదిరిపోయినవాళ్లకి ఒక ఆధారం మిగిలే ఉంటుంది. వాట్సాప్ ఫొటో పేరు చూడండి: ఐఎంజీ తర్వాత 20190814 లాంటి అంకె ఉంటుంది. అంటే 2019 ఆగస్టు 14. పేరులోని ఈ అంకెను చదివి ఫైలు తేదీని సరిచేసే యాప్‌లు ప్లే స్టోర్‌లో ఉన్నాయి.

#9 సీమ_డ్రాయిడ్

వాట్సాప్ సంగతి నేను చెప్తా. రెండు ఫోన్లూ మీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి గూగుల్ డ్రైవ్ దాకా పోనక్కర్లేదు. 2023 నుంచి వాట్సాప్‌లోనే నేరుగా ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి చాట్లు పంపే దారి ఉంది. ఇంటర్నెట్ డేటా ఖర్చు కాదు, 15 జీబీ హద్దూ లేదు, వీడియోలతో సహా వచ్చేస్తాయి.

ముందు పాత ఫోన్‌లో వాట్సాప్ అప్‌డేట్ చేయండి. రెండిట్లోనూ వైఫై, లొకేషన్ ఆన్‌లో పెట్టండి. పాతదాంట్లో సెట్టింగ్స్, చాట్స్, 'ట్రాన్స్‌ఫర్ చాట్స్', స్టార్ట్. కొత్తదాంట్లో వాట్సాప్ ఎక్కించి నంబరు ఇవ్వండి. ఓటీపీ పాత ఫోన్‌లో ఉన్న సిమ్‌కే వస్తుంది, చూసి కొట్టండి. తర్వాత పాత ఫోన్ నుంచి చాట్లు తెచ్చుకోమంటారా అని అడుగుతుంది, అక్కడ ఒప్పుకుంటే కొత్త ఫోన్ మీద క్యూఆర్ కోడ్ వస్తుంది. దాన్ని పాత ఫోన్‌తో స్కాన్ చేయాల. అయ్యేదాకా రెండు ఫోన్లూ పక్కపక్కనే, వాట్సాప్ తెరిచే ఉంచండి.

గుర్తుంచుకోవాల్సింది: ఈ అవకాశం కొత్త ఫోన్‌లో నంబరు ఇచ్చే సమయంలోనే వస్తుంది. తొందరలో 'స్కిప్' నొక్కేస్తే ఖాళీ వాట్సాప్ తెరుచుకుంటుంది. అప్పుడు వాడటం మొదలుపెట్టకుండా వెంటనే అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ మొదటి నుంచి రండి. నాలుగు రోజులు వాడి, కొత్త చాట్లు చేరాక రెండిటినీ కలపడానికి దారి లేదు.

టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి ఉంటే ఆరంకెల పిన్ అడుగుతుంది. మర్చిపోయి, ఈమెయిల్ కూడా ఇచ్చి ఉండకపోతే 7 రోజులు ఆగాల్సి వస్తుంది. కాబట్టి పాత ఫోన్‌లో ఇప్పుడే అకౌంట్ సెట్టింగ్స్‌కి పోయి కొత్త పిన్ పెట్టి, ఈమెయిల్ చేర్చండి. ఓటీపీ రావడం ఆలస్యమైతే మళ్లీ మళ్లీ 'రీసెండ్' నొక్కొద్దు, ప్రతిసారీ ఆగాల్సిన సమయం పెరుగుతూ పోతుంది.

ఇంత చేసినా ఒక రక్షణ చేతిలో ఉంచుకోండి. వాట్సాప్ రోజూ తెల్లవారుజామున 2 గంటలకు ఫోన్‌లోనే ఒక బ్యాకప్ రాసుకుంటుంది. ఫైల్ మేనేజర్‌లో 'ఆండ్రాయిడ్', 'మీడియా', 'కామ్.వాట్సాప్', అందులోని 'వాట్సాప్' ఫోల్డర్. దాని లోపల 'డేటాబేసెస్' ఉంటుంది. ఆ 'వాట్సాప్' ఫోల్డర్ మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌కో ల్యాప్‌టాప్‌కో కాపీ చేసి పెట్టుకుంటే డ్రైవ్ బ్యాకప్ చెడినా దీంతో నిలబెట్టొచ్చు. ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేసి ఉంటే మాత్రం దాని పాస్‌వర్డ్ లేదా 64 అంకెల కీ లేకుండా తెరవడం ఎవరి వల్లా కాదు, వాట్సాప్ వల్ల కూడా.

ఆంధ్రలో ఉన్నవాళ్లు ప్రభుత్వ సేవ 'మన మిత్ర' నుంచి వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లు తెచ్చుకుంటున్నారు కదా, ఆ పీడీఎఫ్‌లు చాట్‌లో వదిలేయకుండా వేరే ఫోల్డర్‌లో దాచుకోండి.

#10 బెజవాడ_బ్యాంకర్

నమస్కారమండి. డబ్బు సంగతి నేను రాస్తాను, ఎందుకంటే పొరపాటు ఖరీదు ఎక్కువ ఇక్కడే.

పాత ఫోన్‌లో చేయాల్సిన పని ఒకటుంది, చాలామందికి తెలియదు. యూపీఐ లైట్ (పిన్ లేకుండా చిన్న మొత్తాలు కట్టేది) వాడుతుంటే దాంట్లో మిగిలిన డబ్బు ముందు బ్యాంకు ఖాతాకి వెనక్కి పంపి, లైట్‌ను ఆపేయండి. మామూలు యూపీఐలో డబ్బు బ్యాంకులో ఉంటుంది, ఫోన్ మారినా దానికేమీ కాదు. లైట్ బ్యాలెన్స్ మాత్రం ఆ ఫోన్‌కి, ఆ యాప్‌కి కట్టుబడి ఉంటుంది. యాప్ తీసేసినా, ఫోన్ రీసెట్ చేసినా ఆ డబ్బు కోసం బ్యాంకు చుట్టూ తిరగాలి. ఫోన్‌పేలో ఒక లైట్, గూగుల్ పేలో ఒక లైట్ విడివిడిగా ఉండొచ్చు, రెండూ చూడండి.

తర్వాత సిమ్ కొత్త ఫోన్‌లోకి మార్చండి. యూపీఐ యాప్ తెరవగానే అది బ్యాంకు రిజిస్టర్డ్ నంబరు నుంచి తనంతట తానే ఒక ఎస్ఎంఎస్ పంపుతుంది. ఈ నంబరు ఈ ఫోన్‌లోనే ఉందని రుజువు అదే. అది వెళ్లకపోతే కారణాలు సాధారణంగా ఇవే: రీఛార్జ్ ప్లాన్‌లో ఎస్ఎంఎస్‌లు లేవు, మెయిన్ బ్యాలెన్స్ కూడా సున్నా, లేదా రెండో సిమ్ నుంచి మెసేజ్ పోతోంది, లేదా యాప్‌కి ఎస్ఎంఎస్ పర్మిషన్ ఇవ్వలేదు, లేదా వీపీఎన్ ఆన్‌లో ఉంది. సామ్‌సంగ్‌లో 'కనెక్షన్స్', 'సిమ్ మేనేజర్'లో మెసేజ్‌లకు ఏ సిమ్ అన్నది బ్యాంకు నంబరుకే పెట్టుకోండి. అయినా కాకపోతే వైఫై ఆపి మొబైల్ డేటా మీద ప్రయత్నించండి.

పాత యూపీఐ పిన్ అలాగే పనిచేస్తుంది. ఫోన్ మారినంత మాత్రాన కొత్త పిన్ పెట్టనక్కర్లేదు. పిన్ మర్చిపోతే డెబిట్ కార్డు చివరి ఆరంకెలు, గడువు నెల, సంవత్సరం కావాలి. ఆ కార్డు గడువు తీరిపోలేదు కదా అని ముందే చూడండి.

ఫోన్ మారిన మొదటి 24 గంటల్లో మొత్తం 5,000 రూపాయల దాకానే పంపనిస్తారు. ఐఫోన్‌లో ఈ గడువు 72 గంటలు. పెద్ద మొత్తం ఎవరికైనా ఇవ్వాల్సి ఉంటే ఫోన్ మార్చకముందే పంపేయండి.

ఇక ఈసిమ్. దయచేసి అదే రోజు పెట్టుకోకండి. అదే నంబరుకి కొత్త సిమ్ కార్డు తీసుకున్నా, దాన్ని ఈసిమ్ చేసినా, 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. సిమ్ స్వాప్ మోసాలు (మన నంబరుకి ఇంకొకరు సిమ్ తీసుకుని ఓటీపీలు కాజేయడం) ఆపడానికి టెలికాం శాఖ పెట్టిన నియమం అది. ఆ రోజంతా ఓటీపీలు లేవు, యూపీఐ రిజిస్ట్రేషన్ కాదు.

#11 సీమ_డ్రాయిడ్

బ్యాంకర్ గారూ, ఒక అభ్యంతరం. ఫిజికల్ సిమ్‌తో అన్నీ రిజిస్టర్ చేసి, వారం తర్వాత ఈసిమ్ చేస్తే సిమ్ మారినట్టు గమనించి యాప్‌లు మళ్లీ వెరిఫికేషన్ అడుగుతాయి కదా. అంటే అంతా రెండుసార్లు చేయాల. ఈసిమ్ కావాలనే నిశ్చయించుకుంటే, శనివారం సాయంత్రం ఈసిమ్ చేసి, ఆదివారం ఏ లావాదేవీ పెట్టుకోకుండా వదిలేసి, సోమవారం ఒకేసారి అన్ని యాప్‌లూ పెట్టుకోవడం మేలు కాదా?

#12 బెజవాడ_బ్యాంకర్

మీ మాటలో న్యాయం ఉందండి. ఈసిమ్ తప్పనిసరి అయితే మీ వరుసే సరైనది. ఆ లెక్కన వాట్సాప్ ఓటీపీ కూడా ముందే, అంటే ఈసిమ్ అడగకముందే ముగించుకోవాలి.

కానీ ఇక్కడ ఎ56లో మామూలు సిమ్ స్లాట్ ఉంది. వాడేది పెద్దావిడ. రేపు ఆ ఫోన్ కిందపడి స్క్రీన్ పోతే, మామూలు సిమ్ అయితే పిన్నుతో ట్రే లాగి పాత ఫోన్‌లో వేసుకుంటే క్షణంలో ఓటీపీలు వచ్చేస్తాయి. ఈసిమ్ అయితే మళ్లీ కంపెనీకి విన్నపం, మళ్లీ 24 గంటలు. బ్యాంకు నంబరును ఈసిమ్ చేయొద్దనే నా గట్టి సలహా. కావాలంటే రెండో నంబరు చేసుకోండి. అప్పుడు *#06# కొడితే వచ్చే 32 అంకెల ఈఐడీ (ఈసిమ్ గుర్తింపు నంబరు), 15 అంకెల ఐఎంఈఐ కంపెనీ అడుగుతుంది.

ఇంకో సంగతి. అదే నంబరుకి కొత్త సిమ్ కార్డు తీసుకున్న 7 రోజుల దాకా నంబరును వేరే కంపెనీకి పోర్ట్ చేయలేరు. 2024 జులై 1 నుంచి ఉన్న నియమం ఇది. పోర్టింగ్ ఆలోచన ఉన్నవాళ్లు ముందే లెక్క వేసుకోవాలి.

#13 డాలస్_తెలుగు

అమెరికా నుంచి అమ్మానాన్నలకి ఐఫోన్ పంపేవాళ్లు ఈ ఈసిమ్ చర్చ రెండుసార్లు చదవండి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ ట్రేనే లేదు. ఊళ్లో వాడుతున్న సిమ్‌ని ఈసిమ్ చేయక తప్పదు, పైన చెప్పిన 24 గంటలూ తప్పవు. నాన్నగారు కీప్యాడ్ ఫోన్‌లో సిమ్ వేసుకుని పొలానికి వెళ్లే అలవాటు ఉంటే అది ఇక కుదరదు.

కొనేముందు ఫోన్ అన్‌లాక్డ్ అయి ఉండాలి. వాయిదాల మీద తీసుకున్నవి అక్కడి నెట్‌వర్క్‌కి లాక్ అయి ఉంటాయి. సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లో 'క్యారియర్ లాక్' ఎదురుగా 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉంటేనే విమానం ఎక్కించండి.

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి వాట్సాప్ వెళ్లాలంటే 'మూవ్ టు ఐఓఎస్' యాప్ ఒక్కటే అధికారిక దారి. అదీ ఐఫోన్ మొదటిసారి ఆన్ చేసినప్పుడే. సెటప్ ముందే ముగించి పంపితే అక్కడ మొత్తం ఎరేజ్ చేసి మళ్లీ మొదలుపెట్టాలి. కాబట్టి డబ్బా తెరవకుండా పంపడమే మంచిది. గూగుల్ డ్రైవ్‌లో ఉన్న వాట్సాప్ బ్యాకప్‌ని ఐఫోన్ చదవలేదు.

#14 గోదారి_గట్టు

శనివారం అనుకున్నట్టే మొదలుపెట్టాం. స్మార్ట్ స్విచ్ పూర్తయింది, వాట్సాప్ వచ్చేసింది, యూపీఐ రెండూ పనిచేస్తున్నాయి. ఈసిమ్ ఆలోచన మానేశాం. అయితే మూడు చిక్కులున్నాయి. ఒక బ్యాంకు యాప్ 'ఈ డివైస్‌లో నడవదు' అంటోంది. బ్యాటరీ మధ్యాహ్నానికే సగానికి పడిపోతోంది. అమ్మకి పవర్ బటన్ నొక్కితే ఫోన్ ఆఫ్ అవ్వట్లేదు, ఏదో మాట్లాడమంటోంది.

#15 పాలమూరు_అక్క

బటన్ సంగతి తేలిక. సెట్టింగ్స్‌లో 'అడ్వాన్స్‌డ్ ఫీచర్స్', 'సైడ్ బటన్', అందులో ఒత్తి పట్టుకుంటే 'పవర్ ఆఫ్ మెనూ' అని మార్చేయండి. అదే వాయిస్ అసిస్టెంట్‌ను లేపుతోంది.

కీబోర్డు కూడా ఇప్పుడే చూడండి. అమ్మగారు రెడ్‌మీలో జీబోర్డ్ వాడి ఉంటారు, సామ్‌సంగ్‌లో వాళ్ల సొంత కీబోర్డు ముందుంటుంది. జీబోర్డ్ ఎక్కించి, 'జనరల్ మేనేజ్‌మెంట్'లో కీబోర్డుల జాబితాలో దాన్నే డిఫాల్ట్ చేయండి. జీబోర్డ్ భాషల్లో తెలుగు చేర్చేటప్పుడు మూడు రకాలు చూపిస్తుంది: నేరుగా తెలుగు అక్షరాలు, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చేది, వేలితో రాసేది. పాత ఫోన్ ముందు పెట్టుకుని ఏది ఉందో అదే ఇవ్వండి. పెద్దవాళ్లకి ఫోన్ కొత్తదైనా చెయ్యి తిరిగిన కీబోర్డు మారకూడదు.

ఇంకా రెండు తేడాలు ముందే చెప్పి ఉంచండి. నోట్ 8లో ఇయర్‌ఫోన్ పిన్ ఉంది, దీంట్లో లేదు. పాతదాన్ని టీవీకో ఏసీకో రిమోట్‌గా వాడుతుంటే ఆ ఐఆర్ సదుపాయం ఎ56లో ఉండదు.

#16 హనుమకొండ_సర్వీస్

బ్యాటరీకి పరేషాన్ కాకు అన్నా. కొత్తగ వేలకొద్ది ఫొటోలు, యాప్‌లు ఎక్కినప్పుడు ఫోన్ వెనకాల వాటిని సర్దుకుంటది, మొఖాలు గుర్తుపడ్తది, గూగుల్ ఫొటోస్ పైకి పంపుతది, ప్లే స్టోర్ యాప్‌లను అప్‌డేట్ చేస్తది. రాత్రి ఛార్జింగ్‌ల పెట్టి వైఫై ఆన్ ఉంచు, రెండు మూడు రోజులల్ల సర్దుకుంటది. వారం దాటినా అట్లనే ఉంటే సెట్టింగ్స్‌ల బ్యాటరీ లెక్క చూసి ఏ యాప్ తింటున్నదో పట్టుకోవాలె.

బ్యాంక్ యాప్ సంగతి: డెవలపర్ ఆప్షన్స్ (యాప్‌లు తయారుచేసేటోళ్ల కోసం ఉండే సెట్టింగ్స్) ఆన్ ఉన్నయా చూడు, ఉంటే ఆఫ్ చెయ్యి. స్క్రీన్ షేరింగ్ యాప్‌లు ఏమన్న పాత ఫోన్ నుంచి వచ్చినయా చూసి తీసెయ్యి. యాక్సెసిబిలిటీ పర్మిషన్ తీసుకున్న యాప్‌లను కూడ కొన్ని బ్యాంకు యాప్‌లు ఒప్పుకోవు. గివన్నీ అయినంక ఆ బ్యాంక్ యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి ప్లే స్టోర్ నుంచే మళ్ల ఎక్కించు.

సామ్‌సంగ్‌ల 'ఆటో బ్లాకర్' అని ఉంటది, 'సెక్యూరిటీ అండ్ ప్రైవసీ'ల. బయటి ఏపీకే ఫైళ్లు (యాప్ ఎక్కించే ఫైళ్లు) ఎక్కకుండ ఆపుతది. దాన్ని ఆఫ్ చెయ్యకు. ట్రాఫిక్ చలాన్ అని, పీఎం కిసాన్ అని వాట్సాప్‌ల ఏపీకే ఫైళ్లు పంపి ఖాతాలు ఊడ్చేస్తున్నరు. అమ్మ ఫోన్‌ల గది ఆన్ ఉండుడే క్షేమం.

#17 గోదారి_గట్టు

డెవలపర్ ఆప్షన్సే. ఆఫ్ చేయగానే యాప్ తెరుచుకుంది. ఇక ఆఖరిది: రెండు వారాల తర్వాత పాత ఫోన్ ఇంకొకరికి ఇచ్చేస్తాం. ఏమేం తీయాలి? గూగుల్ ఆథెంటికేటర్ (లాగిన్‌కి ఆరంకెల కోడ్లు ఇచ్చే యాప్) అందులోనే ఉంది, కొత్తదాంట్లో ఖాళీగా కనపడుతోంది.

#18 సీమ_డ్రాయిడ్

ఆథెంటికేటర్ అడిగారు, చాలా మంచిపని. ఫోన్ రీసెట్ చేసి ఉంటే ఆ కోడ్లు మళ్లీ వచ్చేవి కాదు. పాత ఫోన్‌లో ఆ యాప్ తెరిచి మెనూలో 'ట్రాన్స్‌ఫర్ అకౌంట్స్', 'ఎక్స్‌పోర్ట్' నొక్కితే క్యూఆర్ వస్తుంది. కొత్త ఫోన్‌లో అదే యాప్‌లో 'ఇంపోర్ట్' నొక్కి స్కాన్ చేయండి. తర్వాత రెండు ఫోన్లలో ఒకే సమయంలో ఒకే ఆరంకెలు వస్తున్నాయా చూడండి. వస్తే అయినట్టే. గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీలో బ్యాకప్ కోడ్లు పది ఇస్తుంది, వాటిని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

#19 హనుమకొండ_సర్వీస్

రీసెట్ కొట్టే ముందు వరుస ఇది.

ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు యాప్‌లు లాగౌట్ చేసి తీసెయ్యి. సిమ్‌లు, మెమరీ కార్డు బయటికి తియ్యి, కార్డు లోపలనే ఉండిపోతది, మర్చిపోతరు. తర్వాత సెట్టింగ్స్‌ల అకౌంట్స్‌కి పోయి గూగుల్ అకౌంట్ తీసెయ్యి. రెడ్‌మీల దానితోపాటు ఎంఐ అకౌంట్ సైనౌట్ కూడ చెయ్యాలె. దానికి ఎంఐ పాస్‌వర్డ్ కావాలె, తెల్వకుంటే ఆ నంబరుకి ఓటీపీ తెప్పించుకొని మార్చుకో. గీ రెండిట్ల ఒకటి మిగిలినా, రీసెట్ అయినంక ఫోన్ పాత అకౌంట్ అడిగి తాళం వేసుకుంటది. అప్పుడు తీసుకున్నోళ్లు మీ ఇంటికి తిరిగి రావాలె.

అకౌంట్లు తీసినంకనే సెట్టింగ్స్ లోపలి నుంచి 'ఎరేజ్ ఆల్ డేటా' కొట్టు. బటన్లు ఒత్తి రికవరీ నుంచి కొట్టకు, ఆ తాళం పడేది ఎక్కువగ అట్ల చేసినప్పుడే. ఆండ్రాయిడ్ 11ల డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటది, రీసెట్‌తోని దాని కీ పోతది, గనుక మళ్ల మళ్ల ఫొటోలు నింపి చెరపాల్సిన పని లేదు.

రీసెట్ అయినంక ఒకసారి ఆన్ చేసి వైఫై కలిపి చూడు. పాత పిన్ గానీ, ఇంతకుముందున్న గూగుల్ అకౌంట్ గానీ, ఎంఐ పాస్‌వర్డ్ గానీ అడగకుండ కొత్త అకౌంట్ పెట్టుకొమ్మంటే ఫోన్ ఇయ్యొచ్చు. బిల్లు ఉంటే అది కూడ వాళ్లకి ఇయ్యి. తీసుకునేటోళ్లకి అనుమానం ఉంటే కేవైఎం అని ఇంగ్లీషు పెద్దక్షరాలల్ల కొట్టి, ఖాళీ ఇడిసి, 15 అంకెల ఐఎంఈఐ రాసి 14422కి ఎస్ఎంఎస్ పంపితే ఆ ఫోన్ బ్లాక్‌ల ఉన్నదో లేదో జవాబు వస్తది.